జేసన్ జాబితాలు కలిపేవారికి కొన్ని మొండి సలహాలు

మెమరీలో ఒక కిరాణా ఆర్డర్ ఉంది. కందిపప్పు రెండు కిలోలు, మైదా కిలో, బెల్లం అరకిలో. మొత్తం మూడు వరసలు. సర్వర్ నుంచి అదే ఆర్డర్‌కి కొత్త జేసన్ వచ్చింది. అందులో కందిపప్పు మూడు కిలోలు, చింతపండు పావుకిలో, ఈ రెండే ఉన్నాయి. దాన్ని పాత ఆర్డర్‌లో కలపాలి. కలిపాక ఎన్ని వరసలుండాలి?

పాతవి తీసేసి కొత్తవి పెడితే రెండు. వరస నంబరు చూసి ఒకదాని మీద ఒకటి రాస్తే మూడు: మైదా ఉన్నచోట చింతపండు వచ్చి కూర్చుంటుంది, బెల్లం కదలదు. ఏ సరుకు ఏదో గుర్తుపట్టి కలిపితే నాలుగు. పాతవాటి కింద కొత్తవి అతికిస్తే అయిదు, కందిపప్పు రెండుసార్లు. ఈ నాలుగు పనులనూ ఏదో ఒక లైబ్రరీ చేస్తూనే ఉంది, చాలావరకు 'మెర్జ్' అన్న ఒకే పేరుతో. జేసన్ ప్రమాణం, అంటే 2017 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8259, అర్రే అంటే వరసక్రమం ఉన్న విలువలని చెప్పి ఊరుకుంటుంది. రెండు అర్రేలను ఎలా కలపాలో అందులో ఒక్క ముక్క లేదు. ఉండనక్కర్లేదు కూడా. కస్టమర్ మైదా వద్దన్నాడా, లేక సర్వర్ మారిన వరసలు మాత్రమే పంపిందా అన్నది ఆ ఆర్డర్ సంగతి తెలిసినవాళ్లే చెప్పాలి.

అందుకే నా సలహాలు ఇప్పుడు చాలామంది చెప్పేవాటికి ఎదురు నడుస్తాయి. వీటివల్ల కోడ్ పెరుగుతుంది, మెమరీ ఇంకాస్త ఖర్చవుతుంది, రివ్యూలో సీనియర్లు మొహం చిట్లిస్తారు. అయినా ఇవే చెబుతాను.

ఒక్క లైన్‌తో అయ్యేదాన్ని నలభై లైన్లలో రాయండి

డాట్‌నెట్‌లో న్యూటన్‌సాఫ్ట్ జేసన్ లైబ్రరీ వాడేవారికి పాప్యులేట్‌ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ తెలిసే ఉంటుంది. జేసన్ పాఠాన్నీ, ఇప్పటికే ఉన్న ఆబ్జెక్టునూ చేతికిస్తే చాలు, లోపల ఉన్నవన్నీ నింపేస్తుంది. ఒక్క లైన్. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. లిస్టుల దగ్గర అది ఏం చేస్తుందో చూడండి. ఆబ్జెక్ట్‌క్రియేషన్‌హ్యాండ్లింగ్ అనే సెట్టింగ్ మామూలుగా 'ఆటో'లో ఉంటుంది. అప్పుడు ఆ లైబ్రరీ పాత లిస్టును అలాగే వాడుకుని, కొత్తవాటిని దాని కింద చేరుస్తుంది. మన ఆర్డర్‌లో అయిదు వరసలు వస్తాయి. అదే ప్రాపర్టీని లిస్టుగా కాక అర్రేగా ప్రకటించి ఉంటే, అర్రే పొడవు మారదు కాబట్టి కొత్త అర్రే కట్టి పాతదాన్ని పక్కన పడేస్తుంది. అప్పుడు రెండే. ఎవరో ఒకరు 'అర్రే ఎందుకు, లిస్టు పెడదాం' అనుకుని ఒక్క పదం మార్చారంటే ఆర్డర్‌లో సరుకులు రెట్టింపవుతాయి. కంపైలర్ కిక్కురుమనదు.

అదే లైబ్రరీలో జేఆబ్జెక్ట్‌ల మీద మెర్జ్ అనే ఫంక్షన్ ఉంది. అర్రేలను కలపడానికి దానికి నాలుగు దారులున్నాయి: కాన్‌క్యాట్, యూనియన్, రీప్లేస్, మెర్జ్. ఏదీ చెప్పకపోతే కాన్‌క్యాట్, అంటే కింద అతికించడం. మెర్జ్ అనేది ఎంచుకుంటే వరస నంబరు ప్రకారం కలుపుతుంది. ఆ పేరు చూసి సరుకుని గుర్తుపట్టి కలుపుతుందేమో అనుకునేవాళ్లు ఎంతమందో. యూనియన్ కూడా గుర్తుపట్టదు. రెండు విలువలు అచ్చంగా ఒకటే అయితేనే వదిలేస్తుంది. రెండు కిలోల కందిపప్పూ మూడు కిలోల కందిపప్పూ దాని లెక్కలో వేరువేరు వస్తువులు.

2019 సెప్టెంబరులో డాట్‌నెట్ కోర్ 3.0తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత లైబ్రరీ వచ్చింది, సిస్టమ్ డాట్ టెక్స్ట్ డాట్ జేసన్. దాని అలవాటు వేరు: సెట్టర్ ఉన్న ప్రాపర్టీలో కొత్త లిస్టు పెట్టేస్తుంది, సెట్టర్ లేని లిస్టు జోలికి అసలు పోదు. న్యూటన్‌సాఫ్ట్ నుంచి దీనికి మారిన ప్రాజెక్టుల్లో, గెట్టర్ మాత్రమే పెట్టుకున్న లిస్టులు ఖాళీగా మిగిలిపోయేది అందుకే. ఎర్రర్ ఏదీ రాదు. లిస్టు ఖాళీ, అంతే. 2023 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 8లో 'పాప్యులేట్' అనే ఎంపికను కలిపారు. అది పెడితే పాత లిస్టును ఖాళీ చేయకుండా కొత్తవాటిని చేరుస్తుంది. మళ్లీ అయిదు వరసలు.

జావా వైపు జాక్సన్‌ది ఇంకో దారి. రీడర్‌ఫర్‌అప్‌డేటింగ్ అనేది పై పొరను మాత్రమే పాత ఆబ్జెక్టులో నింపుతుంది. లోపలి ఆబ్జెక్టులు కొత్తగా పుడతాయి. 2.9 వెర్షన్‌లో జేసన్‌మెర్జ్ అనే గుర్తు వచ్చింది. అది పెట్టినచోట లోపలికి కూడా దిగి కలుపుతుంది, లిస్టులకైతే కింద చేరుస్తుంది. పైగా సెట్టర్ లేని కలెక్షన్ కనిపిస్తే, గెట్టర్ ఇచ్చిన లిస్టునే పట్టుకుని అందులోకి తోసేయడం జాక్సన్ 2 వెర్షన్లకి మామూలు అలవాటు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ భయం కలిగించేది గో భాష. అందులో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న జేసన్ ప్యాకేజీ, స్లైస్ పొడవును సున్నా చేసి మొదటినుంచి నింపుతానని తన డాక్యుమెంటేషన్‌లోనే చెబుతుంది. అంటే రెండు వరసలే రావాలి. వస్తాయి కూడా. కానీ పొడవు సున్నా అయినా వెనక ఉన్న మెమరీ పాతదే, అందులోని విలువలు చెరగవు. పాత మైదా వరసలో 'పురుగు పట్టనిది చూసి పంపండి' అనే నోట్ ఉందనుకోండి. కొత్త జేసన్‌లో చింతపండుకి నోట్ అనే ఫీల్డే లేదనుకోండి. చింతపండు వచ్చి అదే చోట కూర్చుంటుంది, మైదా నోట్ దానికి అంటుకుని మిగిలిపోతుంది. అదే ప్యాకేజీ మ్యాప్ దగ్గర మాత్రం పాత కీలను తీయకుండా కొత్తవి కలుపుతుంది. ఒకే ఫంక్షన్, రెండు నీతులు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం మీ వల్ల అవుతుందేమో. మీ తర్వాత ఆ కోడ్ పట్టుకునే కుర్రాడి వల్ల కాదు. మీరే ఒక లూప్ రాయండి. కొత్త వరస తీసుకో, కీ చూడు, పాతవాటిలో ఉంటే ఫలానా ఫీల్డులు మార్చు, లేకపోతే చేర్చు, తీసేయమన్నవి తీసేయి. ఏ ఫీల్డు మారుతుందో పేరుపేరునా కనిపించాలి.

వచ్చిన జేసన్‌ను బతికున్న ఆబ్జెక్టు దగ్గరికి రానివ్వకండి

ముందు వేరే ఆబ్జెక్టులోకి చదవండి. పూర్తిగా చదివి, సరిచూసి, అప్పుడు కలపండి. ఒకే సమాచారం కాసేపు రెండుచోట్ల ఉంటుంది, మెమరీ దండగ అంటారు. దండగ చేయండి. నేరుగా పాత ఆబ్జెక్టులోకి నింపే ఫంక్షన్లు చాలావరకు చదువుతూనే రాసేస్తాయి. పాఠం మధ్యలో తెగిపోయినా, నలభయ్యో వరసలో అంకె ఉండాల్సినచోట అక్షరం వచ్చినా ఎక్సెప్షన్ వస్తుంది. అప్పటికి ముప్పై తొమ్మిది వరసలు మారిపోయి ఉంటాయి. వెనక్కి తిప్పే దారి ఉండదు. ఎక్సెప్షన్ పట్టుకుని లాగ్‌లో రాసి ముందుకు సాగిపోయే ప్రోగ్రాముల్లో ఆ సగం మారిన ఆర్డరే డేటాబేస్‌లోకి ఎక్కుతుంది.

ఇంకో ప్రమాదం బయటినుంచి వచ్చేది. బ్రౌజర్ నుంచి వచ్చిన జేసన్‌ను డేటాబేస్ నుంచి తెచ్చిన యూజర్ ఆబ్జెక్టులో నేరుగా నింపితే, పంపినవాడు ఏ ఫీల్డు రాస్తే అది మారుతుంది. చిరునామా మార్చే ఫారంలో 'అడ్మిన్: అవును' అని ఒక ముక్క కలిపి పంపితే అడ్మిన్ అయిపోతాడు. మాస్ అసైన్‌మెంట్ అంటారు దీన్ని. 2012 మార్చిలో గిట్‌హబ్‌కే ఈ దెబ్బ తగిలింది, రైల్స్ ఫారం డేటా దారిలో. జావాస్క్రిప్ట్‌లో అయితే ఇంకా లోతు. జేసన్‌లో ప్రోటో అనే ప్రత్యేకమైన కీ పెట్టి పంపితే, లోలోపలికి దిగి కలిపే ఫంక్షన్ దాన్ని మామూలు కీ అనుకుని అన్ని ఆబ్జెక్టులకూ మూలమైన ప్రోటోటైప్‌లో రాసేస్తుంది. లోడ్యాష్ మెర్జ్‌లోనూ, జేక్వెరీ ఎక్స్‌టెండ్‌లోనూ ఈ రంధ్రం ఉండేది. జేక్వెరీ 2019లో 3.4.0తో పూడ్చింది. అన్ని రకాల ఆబ్జెక్టులనూ కలిపే గొప్ప ఫంక్షన్ రాయాలన్న సరదా ఉన్నవాళ్లు ఈ రెండు కథలూ చదవాలి.

మరి పాత ఆబ్జెక్టుతో పనేమిటి, కొత్తదాన్నే వాడేయొచ్చు కదా అంటారా? కొన్నిచోట్ల కుదరదు. తెరమీద జాబితా ఒక అబ్జర్వబుల్‌కలెక్షన్‌కి అతుక్కుని ఉంటుంది. దాన్ని మార్చేస్తే యూజర్ ఎంచుకున్న వరస, స్క్రోల్ చేసిన చోటు పోతాయి. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ పాత ఆబ్జెక్టులను గుర్తుపెట్టుకుని ఉంటుంది. అదే కీతో కొత్త ఆబ్జెక్టు ఇస్తే ఈ కీ ఉన్నదాన్ని ఇప్పటికే ట్రాక్ చేస్తున్నానని ఎర్రర్ ఇస్తుంది. అలాంటిచోట పాత ఆబ్జెక్టును ఉంచే మార్చాలి. మార్చే చెయ్యి మీదై ఉండాలి.

లిస్టును ఖాళీగా సృష్టించకండి, నల్‌గా వదిలేయండి

ఈ మాట అంటే పుస్తకాలు చదివినవాళ్లు ఒప్పుకోరు. కలెక్షన్ ప్రాపర్టీ ఎప్పుడూ నల్ ఇవ్వకూడదని, ఖాళీ లిస్టు ఇవ్వాలని అందరికీ నేర్పుతారు. ప్రోగ్రాం లోపల వాడుకునే ఆబ్జెక్టుల విషయంలో అది సరే. జేసన్ చదవడానికి మాత్రమే పెట్టుకున్న ఆబ్జెక్టులో వద్దు. 'సరుకులు' అనే ఫీల్డు జేసన్‌లో రానేలేదంటే దాన్ని ముట్టుకోవద్దని. వచ్చి ఖాళీగా ఉందంటే అన్నీ తీసేయమని. ఖాళీ లిస్టుతో మొదలుపెడితే ఈ రెండూ ఒకటే అయిపోతాయి. ఆర్డర్ అడ్రసు మార్చమని వచ్చిన జేసన్ సరుకులన్నిటినీ తుడిచేసే ప్రమాదం ఇక్కడినుంచే వస్తుంది.

కన్‌స్ట్రక్టర్‌లో లిస్టుకి డిఫాల్ట్ విలువలు పెట్టడం ఇంకా చెడ్డది. సెట్టింగ్స్ క్లాసులో భాషల లిస్టు పెట్టి, తెలుగు, హిందీ అని రెండు ముందే నింపారనుకోండి. న్యూటన్‌సాఫ్ట్‌తో ఫైల్లో దాచి మళ్లీ చదివితే, కన్‌స్ట్రక్టర్ పెట్టిన రెండు, ఫైల్లోని రెండు కలిసి నాలుగవుతాయి. మళ్లీ దాచి చదివితే ఆరు. తర్వాత ఎనిమిది. యూజర్ ఏమీ చేయకపోయినా యాప్ తెరిచి మూసినప్పుడల్లా రెండేసి పెరుగుతాయి. ఆబ్జెక్ట్‌క్రియేషన్‌హ్యాండ్లింగ్‌ను రీప్లేస్ అని పెడితే ఇది ఆగుతుంది, నిజమే. అది పెట్టాలని గుర్తుండాలి కదా.

కీ లేని అర్రేని ఒప్పుకోకండి

జేసన్ పంపేవాళ్లతో గొడవ పెట్టుకోవాల్సిన చోటు ఇదే. ప్రతి వరసకీ ఒక కీ కావాలని పట్టుబట్టండి. కుదిరితే అర్రే మానేసి, కీ పేరుతోనే ఆబ్జెక్టుగా పంపమనండి: సరుకు నంబరు ఇటు, వివరాలు అటు. లోలోపలికి దిగి కలిపే లైబ్రరీలు ఆబ్జెక్టుల దగ్గర దాదాపు ఒకే మాట మీద ఉంటాయి. తగాదా ఎక్కువగా అర్రేలతోనే. క్రమం ముఖ్యమైతే దానికి విడిగా ఒక ఫీల్డు పెట్టండి. వికారంగా ఉందంటారు. ఉండనివ్వండి.

వరస నంబరును కీగా వాడితే ఏమవుతుందో డాట్‌నెట్ కాన్ఫిగరేషన్ వాడేవాళ్లకి రోజూ ఎదురవుతుంది. యాప్‌సెట్టింగ్స్ ఫైల్లో నాలుగు సర్వర్ల అర్రే ఉంది. ప్రొడక్షన్ ఫైల్లో రెండే రాశారు. మొదటి రెండింటి స్థానంలో కొత్తవి వస్తాయి, మూడోదీ నాలుగోదీ పాతవే మిగులుతాయి. కారణం, లోపల అర్రే అంటూ ఏమీ లేదు. సర్వర్స్ సున్నా, సర్వర్స్ ఒకటి అనే కీలే ఉన్నాయి. టెస్టింగ్ సర్వర్ల చిరునామాలు అలా ప్రొడక్షన్‌లోకి జారుకుంటాయి.

ఒక కీ సరిపోతుందా లేదా కూడా చూడాలి. కుబర్నెటీస్‌వాళ్లు ఈ అర్రేల బాధను గట్టిగా పట్టించుకున్నారు. స్ట్రాటజిక్ మెర్జ్ ప్యాచ్ అని సొంత పద్ధతి పెట్టి, ఏ లిస్టుని ఏ ఫీల్డు చూసి కలపాలో టైపులోనే రాసిపెట్టారు. కంటైనర్లను పేరు చూసి కలుపుతారు. పోర్టులను మాత్రం పోర్టు నంబరు చూసి కలిపారు. ఒకే నంబరు మీద టీసీపీ, యూడీపీ రెండూ నడపొచ్చన్నది అక్కడ దెబ్బ కొట్టింది. డీఎన్‌ఎస్ సర్వర్లకి 53 మీద రెండూ కావాలి మరి. రెండు వరసల్లో ఒకటి మాయమయ్యేది. తర్వాత వచ్చిన సర్వర్ సైడ్ అప్లైలో పోర్టు నంబరు, ప్రోటోకాల్ రెండూ కలిపి కీ చేశారు. అంత పెద్ద జట్టు, అంత జాగ్రత్తగా ఆలోచించి పెట్టిన కీ కూడా చాలలేదు. లైబ్రరీ ఊహించి పెట్టే కీ చాలుతుందని ఎలా అనుకుంటాం?

పేరును కీ చేయకండి. తెలుగులో అయితే అస్సలు వద్దు. 'మైదా'లోని ఐత్వానికి యూనికోడ్‌లో విడిగా ఒక సంకేతం ఉంది, 0సీ48. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద వేసే గుర్తు అని రెండు ముక్కలుగా, 0సీ46, 0సీ56 అని కూడా రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్షరం అక్షరం పోల్చే కోడ్‌కి అవి రెండు వేరు మాటలు. ఆర్డర్‌లో రెండు మైదాలు వస్తాయి, ఎందుకొచ్చాయో ఎంతసేపు తేరిపార చూసినా కంటికి దొరకదు. పోల్చే ముందు రెండింటినీ నార్మలైజ్ చేస్తే ఈ తేడా పోతుంది. అయినా పొల్లు పక్కన కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ పోదు. 'బ్రెడ్' చివర అది ఉన్నా లేకపోయినా చూడటానికి ఒకటే. నార్మలైజేషన్ దాన్ని ముట్టుకోదు. ఇక 'పెసరపప్పు' అని కలిపి రాసేవాళ్లు, 'పెసర పప్పు' అని విడదీసేవాళ్లు ఎలాగూ ఉన్నారు. తెలుగు పేర్లతో నడిచే యాప్‌లు ఇప్పుడు చాలా వస్తున్నాయి కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాను: పేరు మనిషి చదువుకోవడానికి. పోల్చడానికి నంబరు పెట్టండి.

ఆ నంబరును స్ట్రింగ్‌గానే పంపండి. జావాస్క్రిప్ట్‌లో పూర్ణాంకాలు 9,00,71,99,25,47,40,991 దాటాక నమ్మకంగా ఉండవు. చివరి అంకెలు మారిపోతాయి. ట్విటర్ 2010లో ట్వీట్ల నంబర్లు పెద్దవి చేసినప్పుడు, అదే నంబరును స్ట్రింగ్‌గా కూడా విడిగా పంపడం మొదలుపెట్టింది ఇందుకే. చివరి అంకె మారిన కీ ఇంకో కీ అవుతుంది, కలవాల్సిన వరస కొత్త వరసగా చేరిపోతుంది.

తీసేయడాన్ని మాటల్లో రాయించండి

2014 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7396, జేసన్ మెర్జ్ ప్యాచ్, నల్ వస్తే ఆ ఫీల్డును తీసేయమని చెబుతుంది. అర్రే వస్తే మొత్తంగా మార్చేయమంటుంది. నిజాయితీ ఉన్న ప్రమాణం. దాన్ని పూర్తిగా పాటించేవాళ్లతో నాకు పేచీ లేదు. సగం పాటించేవాళ్లతోనే. న్యూటన్‌సాఫ్ట్ మెర్జ్ మామూలుగా నల్‌ని పట్టించుకోదు. గో భాషలో నల్ వస్తే స్లైస్, మ్యాప్ ఖాళీ అవుతాయి, అంకెలూ స్ట్రింగులూ మాత్రం కదలవు. ఒకే నల్, వచ్చిన చోటును బట్టి అర్థం మారుతోంది. అందుకని జేసన్‌లోనే 'తీసేయాల్సినవి' అని విడిగా ఒక ఫీల్డు పెట్టించి, అందులో కీలు రాయించండి. నల్ వస్తే ఎర్రర్ ఇవ్వండి. రాకపోవడం అంటే తీసేయడం అని ఎక్కడా అర్థం చేసుకోకండి. అలా చేస్తే, పేజీలుగా విడగొట్టి పంపిన జాబితాలో రెండో పేజీ నెట్‌వర్క్‌లో తప్పిపోయినప్పుడు సగం సరుకులు పోతాయి.

ఒకే కోడ్‌ను మళ్లీ మళ్లీ రాయండి

ఆర్డర్‌కి ఒక కలిపే ఫంక్షన్, కస్టమర్‌కి ఒకటి, చిరునామాలకి ఇంకోటి. మూడూ మూడొంతులు ఒకేలా ఉంటాయి. జెనరిక్ చేద్దామన్న కోరిక పుడుతుంది. ఆపుకోండి. చిరునామాలో తీసేయడం ఉండదు, పాతదిగా గుర్తుపెట్టడమే. ఆర్డర్‌లో ధర ఎప్పుడూ సర్వర్‌దే, నోట్ ఎప్పుడూ యూజర్‌దే. ఈ తేడాలన్నీ ఒకే ఫంక్షన్‌లో పెట్టాలంటే అరడజను జెండాలు కావాలి. అప్పుడు ఆబ్జెక్ట్‌క్రియేషన్‌హ్యాండ్లింగ్‌ను మీరు మళ్లీ కనిపెట్టినట్టు, అదీ డాక్యుమెంటేషన్ లేకుండా.

చివరగా పరీక్షలు. ఒకే జేసన్‌ను వెంటవెంటనే రెండుసార్లు కలపండి. రెండోసారి తర్వాత ఒక్క అక్షరం మారకూడదు. నెట్‌వర్క్ సరిగా లేనిచోట ఫోన్ అదే అభ్యర్థనను మళ్లీ పంపుతుంది, కాబట్టి ఇది ఊహాజనితమైన పరీక్ష కాదు. కింద అతికించే లైబ్రరీలన్నీ ఇక్కడే తప్పుతాయి. తర్వాత అదే జేసన్‌లో వరసల క్రమం తిరగేసి కలపండి. వరస నంబరు నమ్ముకున్న కోడ్ దొరుకుతుంది. ఒక వరసలో ఒక ఫీల్డు తీసేసి కలపండి. పక్కవాడి నోట్ అంటుకుందేమో చూడండి. సగంలో తెగిన జేసన్ ఇచ్చి, ఎక్సెప్షన్ వచ్చాక పాత ఆర్డర్ ముందులాగే ఉందో లేదో చూడండి. మైదాని రెండు రకాల ఐత్వాలతో పంపండి. ఆఖరిది, పాత జేసన్‌ను కొత్తదాని తర్వాత పంపండి. మూడు కిలోల కందిపప్పు మళ్లీ రెండు కిలోలయిందంటే వరసకో వెర్షన్ నంబరు కావాలి. కలిపే ముందు దాన్ని చూసి, పాతదైతే ఆ వరసను వదిలేసి, వదిలేసినట్టు లాగ్‌లో కీతో సహా రాయండి.